సైజు తెలిసింది సరే, ఏ బ్రా కొనాలి?

ఏళ్ల తరబడి నేను 36బి వేసుకున్నాను. మొదటిసారి కొన్నప్పుడు ఎవరో చూపుతోనే కొలిచి 36 అన్నారు, అదే ఖాయమైపోయింది. సాయంత్రానికి భుజాల మీద ఎర్రటి గాట్లు పడేవి. వెనక పట్టీ మెల్లగా మెడవైపు పాకేది. పైనున్న డబ్బా అందుకోవడానికి చేతులెత్తితే ముందు భాగం మొత్తం పైకి జరిగిపోయేది. బ్రా అంటే ఇంతే కాబోలు, ఇంటికొచ్చి విప్పి పడేయడంలోనే సుఖం ఉందనుకునేదాన్ని. ఒకరోజు మా అక్క కుట్టు టేపు తెచ్చి కొలిచి, "నీది 32డి" అంది.

"డి ఏంటక్కా, నాకంత పెద్ద సైజా?" అని నవ్వాను.

"డి అంటే పెద్దదని నీకెవరు చెప్పారే?" అంది.

నిజానికి ఆ అక్షరానికి విడిగా అర్థమే లేదు. రొమ్ముల కింద చుట్టుకొలత ఒకటి, బాగా ఎత్తుగా ఉన్నచోట చుట్టుకొలత ఇంకొకటి. ఈ రెండింటి మధ్య తేడా ఒక అంగుళమైతే ఎ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. సైజులోని నంబరు బ్యాండ్‌ది, అంటే రొమ్ముల కింద ఒంటి చుట్టూ తిరిగే పట్టీది. ఆ నంబరు మారితే అదే అక్షరం వేరే కప్పు అవుతుంది. 32డి, 38డి పక్కపక్కన పెట్టి చూడండి, రెండో దానిలో మొదటిది దాక్కుంటుంది. అదే 32డి, 34సి, 36బి తీసుకుంటే మూడింటి కప్పుల్లో పట్టేది దాదాపు ఒకటే. బ్యాండ్ ఒక సైజు తగ్గితే కప్పు ఒక అక్షరం పెరుగుతుంది, బ్యాండ్ పెరిగితే అక్షరం తగ్గుతుంది. వీటిని సిస్టర్ సైజులంటారు. అంటే ఇన్నేళ్లూ నా కప్పు సరిగ్గానే ఉంది, బ్యాండే రెండు సైజులు వదులు. ఆ బరువంతా పాపం నా భుజాలు మోశాయి.

బరువు మోయాల్సింది బ్యాండే. భుజాల మీది పట్టీలు కప్పు జారకుండా, ఒంటికి ఆనుకుని ఉండేలా చూస్తాయి, అంతే. బ్యాండ్ వదులైతే మనం చేసే మొదటి పని పట్టీలు బిగించడం. పట్టీలు బిగిస్తే వెనక బ్యాండ్ ఇంకా పైకి లేస్తుంది, ముందు భాగం ఇంకా కిందికి జారుతుంది. మళ్లీ బిగిస్తాం. అందుకే మోడళ్ల సంగతి చూసే ముందు కొలత ఒకసారి తేల్చుకోవాలి.

టేపుతో రెండు నిమిషాలు

ప్యాడ్ లేని పల్చటి బ్రాతోనో, అసలు లేకుండానో అద్దం ముందు నిలబడండి. రొమ్ముల కింద, పక్కటెముకల మీదుగా టేపు చుట్టండి. ఊపిరి వదిలి, టేపు ఒంటికి గట్టిగా ఆనేలా లాగి చూడండి. వెనకవైపు టేపు పైకో కిందికో పోకుండా నేలకి సమాంతరంగా ఉండాలి. ఒక్కరే కొలుచుకుంటే ఎక్కువగా తప్పేది ఇక్కడే. రెండోది చనుమొనల మీదుగా, బిగించకుండా. రొమ్ములు బరువుగా, కిందికి జారినట్టు ఉంటే నడుము దగ్గర ముందుకి వంగి ఈ రెండో కొలత ఇంకోసారి తీయండి. నిలబడితే వచ్చిన అంకె, వంగితే వచ్చిన అంకె వేరుగా ఉంటే రెండింటికీ మధ్యలోది పట్టుకోండి.

కింది కొలత 31న్నర వస్తే 32 బ్యాండ్. సరిగ్గా 33 వచ్చిందా? 32, 34 రెండూ వేసి చూడాల్సిందే. పక్కటెముకల మీద కండ తక్కువగా ఉన్నవాళ్లకి 32 గుచ్చుకున్నట్టు ఉంటుంది, కాస్త మెత్తగా ఉన్నవాళ్లకి అదే హాయిగా ఉంటుంది.

కింది కొలతకి నాలుగో ఐదో అంగుళాలు కలపమనే పాత లెక్క ఒకటి ఇప్పటికీ చాలాచోట్ల తిరుగుతోంది. బాగా సాగే ఇప్పటి ఎలాస్టిక్ బ్యాండ్లకి అలా కలిపితే బ్యాండ్ వదులు, కప్పు చిన్న. కాకపోతే కొన్ని కంపెనీలు తమ సైజులకి ఆ లెక్కే వాడతాయి. కాబట్టి కొనే కంపెనీ సైజు చార్టులో "కింది కొలత ఇన్ని అంగుళాలు ఉంటే ఈ సైజు" అని ఏం రాశారో చూసుకోండి. బయటి దేశాల బ్రాండ్లు కొంటే ఇంకో తిరకాసు ఉంది. యూరప్ సైజుల్లో 75 అంటే మన 34, 70 అంటే 32. అదే 75ని ఫ్రాన్స్‌లో 90 అంటారు. డి దాకా అక్షరాలు అందరివీ కలుస్తాయి, ఆ తర్వాత దారులు వేరు. బ్రిటన్‌లో డి తర్వాత డీడీ, ఆపైన ఇ. అమెరికాలో డీడీ, ఆపైన డీడీడీ. యూరప్‌లో నేరుగా ఇ, ఎఫ్. బ్రిటన్ ఇ, యూరప్ ఇ ఒకటి కావని గుర్తుంచుకుంటే ఒక రిటర్న్ తప్పుతుంది.

ఇంత కొలిచినా, వచ్చిన సైజు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేదే తప్ప తీర్పు కాదు. ట్రయల్ రూమ్‌లోకి ఆ సైజుతో పాటు దానికి అటూ ఇటూ ఉన్న సిస్టర్ సైజులు కూడా పట్టుకెళ్లండి.

వేసుకున్నాక ఎక్కడ చూడాలి

నేను ముందు చేసేది చూసేవాళ్లకి నవ్వొచ్చే పని. బ్రాని తిరగేసి, కప్పులు వీపు మీదికి వచ్చేలా, హుక్కులు ముందుకి వచ్చేలా పెట్టుకుంటాను. కప్పులో ఏమీ లేనప్పుడు బ్యాండ్ ఒక్కటే ఎలా ఉందో అప్పుడు తేలిపోతుంది. ఇలా పెట్టుకున్నప్పుడు హాయిగా ఉండి, సరిగ్గా వేసుకున్నాక ఊపిరి ఆడనట్టుంటే బ్యాండ్ తప్పు కాదు, కప్పు చిన్నదై బ్యాండ్‌ని ముందుకి లాగేస్తోందని అర్థం. బ్యాండ్ బిగుతని ఫిర్యాదు చేసి పెద్ద బ్యాండ్ కొనేవాళ్లలో చాలామందికి కావాల్సింది పెద్ద కప్పు.

కొత్త బ్రా ఎప్పుడూ అన్నిటికన్నా బయటి హుక్కు వరసలో, అంటే బాగా వదులుగా ఉండే వరసలో సరిపోవాలి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి వరసలకి వెళ్లొచ్చు. మొదటిరోజే లోపలి వరస పెట్టాల్సి వస్తే కొనకండి. వెనక బ్యాండ్ కింద రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు.

ఇక కప్పు. హుక్కులు పెట్టాక కాస్త ముందుకి వంగి, కుడి చెయ్యి ఎడమ కప్పులో పెట్టి, చంక కింద దాకా ఉన్న కండని కప్పులోకి తెచ్చుకోవాలి. ఇంకోవైపూ అంతే. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ట్రయల్ రూమ్‌లో ఉన్నది మీరొక్కరే. ఇది చేయకుండా చూసుకుంటే సగం మందికి కప్పు సరిపోయినట్టే కనిపిస్తుంది. చేశాక పైనుంచి పొంగి, చొక్కాలోంచి ఒక్కోవైపు రెండు ఉబ్బులు కనిపిస్తే కప్పు చిన్నదే. కప్పుల అడుగున వైరున్న బ్రా అయితే రెండు కప్పుల మధ్య ఉండే భాగం ఛాతీ ఎముకకి ఆనాలి. గాల్లో తేలుతోందంటే చాలాసార్లు కప్పు చాలడం లేదని. వైరు చివర చంక కింద రొమ్ము పూర్తయ్యాక, ఎముక మీద ఆగాలి. రొమ్ము మీదే కూర్చుంటే సాయంత్రానికి నొప్పి ఖాయం.

ఒకవైపు కొంచెం పెద్దది, ఇంకోవైపు చిన్నది ఉండటం మామూలే. పెద్దవైపుకి సరిపడా కొని, రెండోవైపు పల్చటి ప్యాడ్ పెట్టుకోవడమో, పట్టీ కాస్త బిగించడమో చేస్తే చాలు. ఈ తేడా కొత్తగా కనిపించినా, గడ్డలాంటిది తగిలినా, చనుమొన నుంచి ఏదైనా కారినా అది బ్రాతో తేలే విషయం కాదు, డాక్టర్‌కి చూపించాలి.

ఒకే సైజు, వేర్వేరు ఆకారాలు

అక్కదీ నాదీ ఇప్పుడు ఒకే సైజు. కానీ తనకి దిట్టంగా కూర్చునే బ్రా నాకు పైన ముడతలు పడుతుంది. కప్పు పెద్దదైందని చిన్నది వేస్తే పక్కనుంచి పొంగుతుంది. ఆ తగవులో సైజు తప్పేమీ లేదు, ఆకారమే వేరు.

అద్దంలో పక్కకి తిరిగి, చనుమొన మీదుగా అడ్డంగా ఒక గీత ఉన్నట్టు ఊహించుకోండి. గీతకి కింద కండ ఎక్కువ ఉంటే కిందివైపు నిండుదనం. పైన కూడా అంతే ఉంటే, లేదా పైనే ఎక్కువైతే పైవైపు నిండుదనం. నాది మొదటి రకం. ఇలాంటి వాళ్లకి పైకంటా మూసే ఫుల్ కప్పు కొంటే పైభాగం ఖాళీగా ఉండి, చొక్కా మీద గీతలా కనిపిస్తుంది. కప్పు పైభాగం దాదాపు అడ్డంగా కోసినట్టుండి, కింది నుంచి ఎత్తిపట్టే బాల్కనెట్ బాగా నప్పుతుంది. పైన నిండుగా ఉన్నవాళ్లకి అదే బాల్కనెట్ అంచు కండలోకి కోసుకుపోతుంది. వాళ్లకి ఫుల్ కప్పే మేలు, అదీ పై అంచున సాగే లేసు ఉన్నదైతే ఇంకా మంచిది. పీరియడ్స్ ముందు కాస్త ఉబ్బినా ఆ లేసు సర్దుకుంటుంది.

రెండోది లోతు. కొందరికి రొమ్ము ఛాతీ మీద వెడల్పుగా, పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. కొందరికి మొదలు ఇరుకుగా ఉండి ముందుకి పొడుచుకొస్తుంది. కొలతలో ఇద్దరికీ అదే సి రావచ్చు. ఫోమ్‌ని అచ్చులో నొక్కి చేసే మౌల్డెడ్ కప్పులు, అంటే మనం టీషర్ట్ బ్రా అనేవి, ఎక్కువగా లోతు తక్కువగా ఉంటాయి. పళ్లెంలా ఉన్నవాళ్లకి అవి సరిగ్గా సరిపోతాయి. ముందుకి పొడుచుకొచ్చేవాళ్లకి కప్పు అడుగున చోటు చాలక బ్రా మొత్తం ముందుకి తోసుకుంటుంది, మధ్య భాగం తేలుతుంది, పైన మాత్రం సందు కనిపిస్తుంది. ఆ సందు చూసి కప్పు పెద్దదనుకుని చిన్నది కొంటారు. అక్కడితో చిక్కు రెట్టింపు. వీళ్లు చూడాల్సింది కుట్లున్న కప్పు. రెండు మూడు ముక్కలు కలిపి కుట్టినప్పుడు గిన్నెలాంటి లోతు వస్తుంది. కుట్లున్న బ్రా అంటే పాతకాలం నాటిదని చాలామంది మొహం చిట్లిస్తారు గానీ, బరువైన రొమ్ములకి దానంత నమ్మకంగా నిలబెట్టేది ఇంకోటి నేను చూడలేదు. కప్పు పక్కన చంకవైపు నిలువుగా ఇంకో ముక్క వేసి కుట్టినది దొరికితే, పక్కలకి పోయే కండని అది ముందుకి తెస్తుంది.

రెండు రొమ్ములూ దగ్గరగా ఉండి మధ్యలో వేలు కూడా పట్టనివాళ్లకి మామూలు వైరు బ్రాలో మధ్య భాగం గుచ్చుకుంటుంది. మధ్యలో కిందికి దిగి, సన్నగా ఉండే ప్లంజ్ వాళ్ల కోసమే ఉన్నట్టుంటుంది. దూరంగా ఉన్నవాళ్లు ప్లంజ్ వేస్తే రొమ్ములు మధ్యకి వస్తాయి గానీ, మెత్తటి కండైతే వంగినప్పుడు బయటికి జారే ప్రమాదం ఉంది. బరువు తగ్గాకనో, పిల్లలకి పాలు మాన్పించాకనో మెత్తబడిన రొమ్ములు కప్పు ఎలా ఉంటే అలా సర్దుకుంటాయి, కాబట్టి కప్పుకే ఆకారం ఉండాలి. కుట్లున్న ఫుల్ కప్పు అక్కడా పనికొస్తుంది.

భుజాలు వాలుగా ఉండి పట్టీలు అస్తమానం జారేవాళ్లు బాల్కనెట్‌కి దూరంగా ఉండటం మంచిది, దాని పట్టీలు భుజం చివరికి ఉంటాయి. వెనక రెండు పట్టీలూ దగ్గరకొచ్చి కలిసే రేసర్‌బ్యాక్ చూడండి.

వైరా, వైరు లేనిదా

ముందు ఒక భయం సంగతి. వైరున్న బ్రా వేసుకుంటే క్యాన్సర్ వస్తుందని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అమెరికాలోని సియాటిల్‌లో ఫ్రెడ్ హచిన్‌సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం మెనోపాజ్ దాటిన 1,500 మందికి పైగా మహిళలతో చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. వైరు ఉందా లేదా, రోజుకి ఎన్ని గంటలు వేసుకుంటారు, ఏ వయసులో మొదలుపెట్టారు అని అన్నీ అడిగారు. వేటికీ రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం కనబడలేదు. కాబట్టి వైరు వద్దనుకుంటే సౌకర్యం కోసం వద్దనుకోండి, భయంతో కాదు.

సైజు సరిగ్గా ఉన్న వైరు అసలు తెలియనే తెలియదు. రెండు రొమ్ములని విడదీసి పట్టుకోవడం, ఆకారం నిలపడం దాని బలం. డి దాటిన కప్పులకి, గంటల తరబడి నిలబడే పనులకి నేనైతే వైరే అంటాను. వైరు లేనివాటిలో బ్యాండ్ వెడల్పుగా, వెనక మూడు నాలుగు హుక్కులతో ఉన్నది తీసుకుంటే పెద్ద సైజులకీ సరిపోతుంది. లేసు బ్రాలెట్లు చిన్న కప్పులకి, ఇంట్లో ఉండేటప్పుడు హాయి. వాటిని ఎస్, ఎమ్, ఎల్ అని అమ్ముతారు. ఆ మూడు అక్షరాల్లో బ్యాండూ కప్పూ రెండూ ఇమడవు, కాబట్టి బ్యాండ్ సన్నగా ఉండి కప్పు పెద్దగా ఉన్నవాళ్లు వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. మొదటిసారి బ్రా వేసుకునే ఆడపిల్లలకి వైరు అక్కర్లేదు. ఆ వయసులో సైజు త్వరగా మారుతుంది, మెత్తటి కాటన్‌ది రెండు మూడు కొని, కొన్ని నెలలకోసారి మళ్లీ కొలవడం నయం.

గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు కూడా దాదాపు ఇదే మాట. పొద్దున ఒక సైజు, పాలు నిండితే ఇంకో సైజు. బిగుతుగా ఒకేచోట నొక్కే బ్రా వల్ల పాలు కట్టే ఇబ్బంది రావచ్చు. నెలలు నిండుతున్నప్పుడు, కప్పులో కాస్త చోటుండి, ఎక్కువ హుక్కు వరసలున్న నర్సింగ్ బ్రా తీసుకోండి. ఒక చేత్తో కప్పు క్లిప్ తీయగలుగుతున్నారో లేదో షాపులోనే చూడండి, రెండో చేతిలో బిడ్డ ఉంటుంది.

వ్యాయామానికి మాత్రం వేరేది ఉండాల్సిందే. రొమ్ములో కండరం ఉండదు. నడిచినా పరుగెత్తినా అది పైకీ కిందికే కాదు, పక్కలకీ, ముందుకీ వెనక్కీ కూడా కదులుతుంది. స్పోర్ట్స్ బ్రాలు రెండు రకాలు. ఒకటి మొత్తాన్ని ఛాతీకి అదిమి పెట్టేది, ఇంకోటి రెండు రొమ్ములకీ విడివిడిగా కప్పులున్నది. యోగాకి, నడకకి, చిన్న కప్పులకి మొదటిది చాలు. పరుగు, ఏరోబిక్స్ లాంటి వాటికి, సి దాటితే రెండోది, లేదా రెండూ కలిపి చేసినది. వేసుకుని ట్రయల్ రూమ్‌లోనే నాలుగు గెంతులు గెంతండి. 1977లో అమెరికాలో ముగ్గురు మహిళలు కలిసి చేసిన మొదటి స్పోర్ట్స్ బ్రా, మగవాళ్లు ఆటలకి వేసుకునే జాక్‌స్ట్రాప్‌లు రెండు కలిపి కుట్టింది! దానికి ముందు పరుగెత్తిన ఆడవాళ్లని తలుచుకుంటే జాలేస్తుంది.

ఎన్ని, ఎలాంటివి

రోజూ వేసుకోవడానికి మీ ఆకారానికి సరిపోయిన మోడల్ ఒకటి దొరికితే అదే రెండు మూడు కొనండి. రంగుల సరదా తర్వాత. తెల్ల చొక్కా కింద తెల్ల బ్రా బయటికి కనిపిస్తుంది, మీ ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నదే కనబడదు. పల్చటి, ఒంటికి అతుక్కునే బట్టలకి కుట్లు లేని మౌల్డెడ్ ఒకటి ఉంటే మంచిది. స్ట్రాప్‌లెస్ కొనేటప్పుడు బ్యాండ్ ఇంకొంచెం బిగుతుది చూడండి, పట్టీల సాయం కూడా ఉండదు కదా. రొమ్ముల్ని ఎత్తి చూపే పుష్అప్, చిన్నగా చూపే మినిమైజర్ మీ ఇష్టం. మినిమైజర్ కండని పక్కలకి పరిచి ముందు ఉబ్బు తగ్గిస్తుంది, సైజునేమీ తగ్గించదు.

ఒకే బ్రా వరసగా రెండు రోజులు వేయకండి, ఎలాస్టిక్‌కి ఒకరోజు విశ్రాంతి ఇస్తే మళ్లీ దగ్గరికొస్తుంది. హుక్కులు పెట్టి, చల్లటి నీళ్లలో చేత్తో ఉతికితే చాలు. పిండకుండా, తువ్వాల్లో చుట్టి నొక్కండి. మౌల్డెడ్ కప్పుని లోపలికి మడిచి బీరువాలో పెడితే ఆ మడత మళ్లీ పోదు. మెషీన్‌లో తప్పనిసరైతే వల సంచీలో వేయండి, డ్రైయర్ వేడి మాత్రం వద్దు.

బరువు మారినా, ప్రసవం అయినా, ఏమీ లేకపోయినా ఏడాదికోసారి టేపు తీయండి. అక్క కొలిచిన రోజున నేను కొన్న మొదటి 32డి పోయిన నెలలో లోపలి చివరి హుక్కుకి చేరింది. బ్యాండ్ మళ్లీ మెడవైపు పాకడం మొదలుపెట్టింది. దాన్ని తీసేసి కొత్తది వేసుకున్నాను, బయటి హుక్కులో.